ఆకులో ఉన్నదంతా ఒంటికి అందదు

మునగాకులో నారింజ కంటే ఏడు రెట్లు సి విటమిన్, పాల కంటే నాలుగు రెట్లు కాల్షియం ఉంటాయన్న మాట ప్రపంచమంతా తిరిగింది. పోస్టర్ల మీద, పొడి డబ్బాల మీద, ఎక్కడ చూసినా అదే లెక్క. ఈ ఏడు రెట్ల అంకె ఎలా వచ్చిందో కాస్త తవ్వి చూస్తే భలే ఉంటుంది. భారతీయ ఆహార పట్టికల్లో 100 గ్రాముల పచ్చి మునగాకుకు సి విటమిన్ 220 మిల్లీగ్రాములని ఉంది, నారింజకు 30 అని వేసుకున్నారు, భాగిస్తే ఏడు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక తెరిస్తే అదే పచ్చి మునగాకుకు 51.7, నారింజకు 53.2. ఏడు రెట్లు మాయమై నారింజే ఒక పిసరు ముందుంది. కాల్షియం సంగతీ అంతే, ఒకచోట 440 అని ఉంటే ఇంకోచోట 185.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. సి విటమిన్ ఆకు కోసిన క్షణం నుంచే తగ్గుతూ పోతుంది, కాబట్టి కోసిన గంటకు పరీక్షించినదానికీ రెండు రోజుల తర్వాత పరీక్షించినదానికీ పోలికే ఉండదు. లేత ఆకు, ముదురు ఆకు, చెట్టు రకం, నేల, ఎండ, పరీక్ష పద్ధతి, వీటిలో ఏది మారినా అంకె మారుతుంది. పోషకాల పట్టికలో కనిపించే అంకె ఆ మొక్క శాశ్వత లక్షణమేమీ కాదు, ఫలానా నమూనాను ఫలానా పద్ధతిలో ఒకసారి అడిగితే వచ్చిన జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబు ఒక్కటే పట్టుకుంటే పోలికలన్నీ తప్పుతాయి.

ఎక్కువగా జరిగే మోసం, తెలిసి కొంతా తెలియక కొంతా, తేమ దగ్గర జరుగుతుంది. పచ్చి మునగాకులో దాదాపు 79 శాతం నీళ్లే. ఎండబెట్టి పొడి చేస్తే నీళ్లు పోయి మిగతావన్నీ చిక్కబడతాయి, 100 గ్రాముల పొడి కావాలంటే 400 గ్రాములకు పైగా పచ్చి ఆకు కావాలి. ఆ పొడిలోని ఇనుమును తీసుకెళ్లి 90 శాతం నీళ్లున్న పచ్చి పాలకూరతో పోల్చి ఇన్ని రెట్లు అన్ని రెట్లు అని రాయడం ఎండు ద్రాక్షను పచ్చి ద్రాక్షతో పోల్చి ఎండు ద్రాక్షలో చక్కెర ఎక్కువని ఆశ్చర్యపోవడం లాంటిదే. పైగా పచ్చి ఆకు వంద గ్రాములు ఒక పూట తినొచ్చు గానీ పొడి వంద గ్రాములు ఎవరూ తినరు, తినేది ఒక చెంచా, మహా అయితే రెండు. ఎండబెట్టేటప్పుడు సి విటమిన్ చాలావరకు పోతుంది కూడా, ఆ ముక్క మాత్రం డబ్బా మీద ఉండదు. పోల్చాలంటే రెండింటినీ పచ్చిగా పోల్చాలి, లేదా రెండింటినీ తేమ తీసేసిన బరువు మీద పోల్చాలి.

ఇంతకీ ప్రొటీన్ ఇంత, కొవ్వు ఇంత, పీచు ఇంత అనే పట్టిక ఎలా తయారవుతుంది? ఈ పద్ధతికి పునాది 1860ల్లో జర్మనీలో గొట్టింగెన్ పక్కనున్న వెండె ప్రయోగ కేంద్రంలో పడింది, అదీ మనుషుల తిండి కోసం కాదు, పశువుల మేత కోసం. నమూనాను 105 డిగ్రీల దగ్గర ఆరబెడితే తగ్గిన బరువు తేమ. 550 డిగ్రీల దగ్గర కాల్చేస్తే మిగిలింది బూడిద, అంటే ఖనిజాలు. హెక్సేన్ లాంటి ద్రావకంతో గంటల తరబడి కడిగితే అందులోకి దిగింది కొవ్వు. ఆకుల విషయంలో ఇక్కడే చిన్న తేడా వస్తుంది, ఆకుపచ్చ రంగు, ఆకు మీది మైనం కూడా అదే ద్రావకంలో కరుగుతాయి కాబట్టి 'కొవ్వు' అని రాసిన దాంట్లో కొంత అసలు కొవ్వే కాదు.

ప్రొటీన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో, అంటే ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో, యోహాన్ జెల్డాల్ 1883లో నైట్రోజన్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఈ పద్ధతి ప్రొటీన్‌ని కొలవదు, నైట్రోజన్‌ని కొలుస్తుంది. ప్రొటీన్లో 16 శాతం నైట్రోజన్ ఉంటుందనుకుని, వచ్చిన అంకెను 6.25తో గుణిస్తే ప్రొటీన్ అంటారు. మాంసానికి ఈ లెక్క బాగానే సరిపోతుంది. ఆకుల్లో నైట్రేట్లు, విడి అమైనో ఆమ్లాలు, ఆల్కలాయిడ్లు (కెఫీన్ లాంటి మొక్కల రసాయనాలు) కూడా ఉంటాయి, వాటన్నిటిలోనూ నైట్రోజన్ ఉంది, అవన్నీ ప్రొటీన్ ఖాతాలోకే పోతాయి. పుట్టగొడుగుల్లో నైట్రోజన్ ఉన్న కైటిన్ అనే పీచు వల్ల ఇదే తంటా, అందుకే వాటికి 4.38తో గుణించే పద్ధతి ఉంది. ఆకులకు కూడా 6.25 ఎక్కువేనని ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు, అయినా పేపర్ల మీద పేపర్లు అదే గుణకంతో వస్తూనే ఉంటాయి. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపిన వాళ్లు వాడుకున్నది సరిగ్గా ఈ లొసుగునే: మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజన్ కాబట్టి, నీళ్లు కలిపిన పాలు కూడా పరీక్షలో ప్రొటీన్ బాగా ఉన్నట్టే కనిపించాయి.

ఇక పిండిపదార్థాలను చాలా పట్టికల్లో అసలు కొలవనే కొలవరు. తేమ, బూడిద, కొవ్వు, ప్రొటీన్, పీచు కలిపి వందలోంచి తీసేస్తే మిగిలింది పిండిపదార్థం. పైన జరిగిన తప్పులన్నీ వచ్చి ఇందులో పడతాయన్నమాట. పాత పద్ధతిలో 'ముడి పీచు' కొలిచేటప్పుడు ఆమ్లంలోనూ క్షారంలోనూ ఉడికిస్తారు, ఆ దెబ్బకు నిజమైన పీచులో చాలా భాగం కరిగిపోయి తక్కువ అంకె వస్తుంది, ఆ తగ్గిన పీచు కూడా మళ్లీ పిండిపదార్థం కిందే లెక్కకు వస్తుంది. ఇనుము విషయంలో మట్టిని మర్చిపోకూడదు. నేలకు దగ్గరగా పెరిగే ఆకుల మీద, కళ్లంలో నూర్చిన చిరు గింజల మీద అంటుకున్న మట్టిలో ఇనుము బోలెడు. సరిగ్గా కడగకుండా కాల్చి కొలిస్తే మొక్క ఇనుమూ మట్టి ఇనుమూ ఒకటే అయిపోతాయి, ఇథియోపియాలో పండే టెఫ్ అనే చిరుధాన్యం గింజల్లో ఇనుము అంకెలు అంత ఎగుడుదిగుడుగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

సరే, అంకె కచ్చితంగానే వచ్చిందనుకుందాం. అప్పుడైనా అది మొక్కలో ఉన్నదే తప్ప ఒంటికి అందేది కాదు. దీనికి పాలకూర కంటే మంచి ఉదాహరణ దొరకదు. 100 గ్రాముల పచ్చి పాలకూరలో కాల్షియం దాదాపు 100 మిల్లీగ్రాములు, పాలలో దాదాపు 120. కాగితం మీద రెండూ దాదాపు సమానం. పాలకూరలో ఆక్సాలేట్ విపరీతంగా ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసుకుని కరగని స్ఫటికంగా మార్చేస్తుంది, దాంతో పేగులు తీసుకోగలిగేది సుమారు 5 శాతం. పాల నుంచి 30 శాతం దాకా అందుతుంది. అంటే పాల నుంచి అందేది 36 మిల్లీగ్రాములు, పాలకూర నుంచి 5. అదే ఆకుకూరల్లోనే ఆక్సాలేట్ తక్కువగా ఉన్న, క్యాబేజీ కుటుంబానికి చెందిన కాలే నుంచి 40 శాతం దాకా అందినట్టు కొలిచారు, కాబట్టి ఆకుకూర అనగానే కాల్షియం రాదనీ కాదు, వస్తుందనీ కాదు.

పాలకూర ఇనుము మీద ఒక దశాంశ బిందువు కథ కూడా ఉంది, పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో చుక్క తప్పు చోట పెట్టడం వల్ల పాలకూరలో ఇనుము పది రెట్లు ఎక్కువగా ప్రచారమైందని. 1981లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసంతో ఇది బాగా పాకింది. తర్వాత ఒక పరిశోధకుడు మూలాలన్నీ వెతికితే ఆ చుక్క తప్పుకు ఆధారమే దొరకలేదు. తప్పును సరిదిద్దిన కథే తప్పు!

గింజల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ ఇనుమునూ జింకునూ ఇలాగే కట్టిపడేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం దాన్ని తగ్గిస్తాయి, తిండితో పాటు సి విటమిన్ ఉంటే మొక్కల ఇనుము మెరుగ్గా అందుతుంది, టీలోని టానిన్లు ఉంటే తగ్గుతుంది. ఎ విటమిన్ లెక్క మరీ విచిత్రం. మొక్కల్లో ఎ విటమిన్ ఉండదు, బీటా కెరోటిన్ ఉంటుంది, శరీరం దాన్ని మార్చుకోవాలి. 6 మైక్రోగ్రాముల కెరోటిన్ ఒక మైక్రోగ్రాము విటమిన్‌తో సమానమని చాలాకాలం లెక్కించారు, 2001లో అమెరికా వైద్య సంస్థ దాన్ని 12కి ఒకటిగా మార్చింది. ఒక్క సవరణతో ఆకులూ క్యారెట్ల విటమిన్ అంకెలు సగానికి సగం పడిపోయాయి, మొక్కల్లో మాత్రం ఏమీ మారలేదు. పాత అంకెలు ఇప్పటికీ నెట్లో తిరుగుతూనే ఉన్నాయి. కాస్త నూనె లేకపోతే ఆ సగం కూడా సరిగా అందదు.

ఇదంతా పోషకాల సంగతి. వృక్ష రసాయనాల దగ్గరకు వస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. ఆల్కలాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, సపోనిన్లు, టెర్పీన్లు, వీటిని మొక్క మనిషి ఆరోగ్యం కోసం తయారు చేయలేదు. కదలలేని జీవి కాబట్టి పురుగును తరమడానికి, బూజును ఆపడానికి, ఎండను తట్టుకోవడానికి, పక్క మొక్కను పెరగనివ్వకుండా చేయడానికి తయారు చేసుకుంది. చేదు, వగరు, ఘాటు అన్నీ ఆ ఆయుధాల రుచే. అందుకే మందుకూ విషానికీ మధ్య గోడ పల్చగా ఉంటుంది. ఫాక్స్‌గ్లోవ్ ఆకు గుండెజబ్బు వాపుకు పనిచేస్తుందని ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ 1785లో వివరంగా రాశాడు, అదే ఆకు మోతాదు కాస్త మించితే గుండె ఆగుతుంది. తిండి మొక్కలూ దీనికి మినహాయింపు కాదు, చేదు రకం కర్రపెండలంలో సయనైడ్ వదిలే పదార్థం ఉంటుంది, రాజ్మా గింజలను బాగా ఉడికించకపోతే వాటిలోని లెక్టిన్ వాంతులు తెప్పిస్తుంది.

ఔషధ మొక్కల మీద వచ్చే పేపర్లలో ఒక పట్టిక తప్పనిసరిగా కనిపిస్తుంది, ఆల్కలాయిడ్లు రెండు ప్లస్‌లు, సపోనిన్లు మూడు ప్లస్‌లు, స్టెరాయిడ్లకు మైనస్. ఇవి పరీక్షనాళికలో రంగు చూసి వేసిన గుర్తులు. డ్రాగెన్‌డార్ఫ్ ద్రవం కలిపితే నారింజ రంగు మడ్డి వస్తే ఆల్కలాయిడ్, ఫెర్రిక్ క్లోరైడ్‌తో ముదురు నీలమో పచ్చో అయితే ఫీనాల్, మెగ్నీషియమూ ఆమ్లమూ వేస్తే ఎర్రబడితే ఫ్లేవనాయిడ్, బాగా ఊపితే నురుగు నిలిస్తే సపోనిన్. తొలి చూపుకు ఇవి పనికొస్తాయి, కాదనలేం. కానీ నురుగు ప్రొటీన్ వల్ల కూడా రావచ్చు, డ్రాగెన్‌డార్ఫ్ ద్రవం ఆల్కలాయిడ్లు కాని కొన్నిటితో కూడా స్పందిస్తుంది, ఆల్కలాయిడ్ల కోసమే వాడే మేయర్ ద్రవానికి సాక్షాత్తూ కెఫీనే దొరకదు. పైగా ఆల్కలాయిడ్ ఉంది అంటే ఏ ఆల్కలాయిడ్? కెఫీనూ ఆల్కలాయిడే, మార్ఫినూ ఆల్కలాయిడే, నికోటినూ అంతే. ఊళ్లో మనుషులున్నారు అన్నంత సమాచారమే అది.

మొక్కలోంచి సారాన్ని ఏ ద్రావకంతో తీశారన్నదాన్ని చాలామంది పట్టించుకోరు, నిజానికి సగం ఫలితం అక్కడే తేలిపోతుంది. నీళ్లలో కరిగేవి వేరు, ఆల్కహాల్లో కరిగేవి వేరు, హెక్సేన్లో కరిగేవి మరీ వేరు. మలేరియాకు ఆర్టెమిసియా మొక్క నుంచి మందు కోసం వెతికినప్పుడు చైనాలో తు యూయూ బృందానికి మొదట్లో ఫలితాలు నిలకడగా రాలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ తన పుస్తకంలో ఆ ఆకును ఉడికించమనలేదు, నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. ఆ ఒక్క వాక్యం చూశాక వేడి వల్లే అసలు పదార్థం పాడవుతోందేమోనని అనుమానం వచ్చి, తక్కువ వేడి దగ్గర మరిగే ఈథర్‌తో తీసి చూశారు, 1971లో ఫలితం దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. అదే మొక్క, అదే ఆకు, తీసే పద్ధతి ఒక్కటే మారింది. మిథనాల్‌తో (ఒక రకం ఆల్కహాల్) తీసిన సారం ప్రయోగశాలలో బ్రహ్మాండంగా పనిచేసిందంటే ఆ ఆకు కషాయం కూడా పనిచేస్తుందని అర్థం కాదు, ఎందుకంటే కషాయంలోకి ఆ పదార్థం దిగకపోయి ఉండొచ్చు.

యాంటీఆక్సిడెంట్ అనే మాట వినగానే జనానికి నమ్మకం వచ్చేస్తుంది. దాని వెనక ఉన్న ముఖ్యమైన పరీక్షలు రెండు మూడే. మొత్తం ఫీనాల్స్ కొలిచే ఫోలిన్ సియోకాల్టో పరీక్షలో ద్రవం నీలంగా మారుతుంది, ఎంత నీలమో 765 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తారు. సి విటమిన్ ఉన్నా, కొన్ని చక్కెరలున్నా అది నీలంగానే మారుతుంది, కాబట్టి 'మొత్తం ఫీనాల్స్' అన్నది కొంచెం మర్యాదకు పెట్టిన పేరు. డీపీపీహెచ్ అనే రసాయనంతో చేసే పరీక్షలో ఊదా రంగు ద్రవం పసుపుగా మారుతుంది, ఎంత తక్కువ సారంతో సగం రంగు పోతే అంత శక్తి అన్నమాట. ఇది మిథనాల్ ఉన్న గాజునాళికలో జరిగే చర్య. నోట్లోంచి పేగుల్లోకి, అక్కడి నుంచి కాలేయంలోకి వెళ్లేసరికి చాలా ఫ్లేవనాయిడ్ల రూపమే మారిపోతుంది, రక్తంలోకి చేరేది అత్యల్పం.

అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఓరాక్ అనే యాంటీఆక్సిడెంట్ స్కోర్లతో పెద్ద పట్టిక పెట్టింది, కంపెనీలు ఆ స్కోర్లను సీసాల మీద అచ్చేసుకున్నాయి. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని, వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నారని చెప్పి 2012లో ఆ పట్టికను వాళ్లే తీసేశారు. దానికి చాలా ముందే ఇంకో దెబ్బ తగిలింది. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద ఏళ్ల తరబడి జరిగిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది, ఆ ఫలితం 1994లో బయటికొచ్చింది. అమెరికాలో అలాంటిదే మరో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ పెరుగుదల 28 శాతం. కెరోటిన్ ఉన్న కూరగాయలు ఎక్కువగా తినేవాళ్లలో ఆ క్యాన్సర్ తక్కువన్న పరిశీలనలు నిజమే, కానీ కూరగాయలోంచి ఒక్క పదార్థాన్ని లాగి మాత్ర చేస్తే అది కూరగాయ కాదు.

పదార్థాలను విడదీసి గుర్తించే జీసీ-ఎంఎస్ అనే యంత్రంతో చేసిన పట్టికలు చూస్తే ఇంకో రకం నవ్వొస్తుంది. ఆవిరయ్యే పదార్థాలనే అది పట్టగలదు, ఒక్కో పదార్థానికి గుర్తుగా గ్రాఫ్‌లో వచ్చిన ప్రతి శిఖరానికీ కంప్యూటర్ తన లైబ్రరీలోంచి ఒక పేరు అంటగడుతుంది. ఆ పేరు పక్కన 'క్యాన్సర్‌ను ఎదుర్కొనేది', 'వాపు తగ్గించేది' అని రాసేస్తారు. ఈ పట్టికల్లో హెక్సాడెకనోయిక్ ఆమ్లం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, పేరు గంభీరంగా ఉంది గానీ అది పామిటిక్ ఆమ్లం, ఏ నూనెలోనైనా ఉండే మామూలు కొవ్వు. థాలేట్లు కనిపిస్తే అవి ప్లాస్టిక్ సీసాలోంచి వచ్చి ఉండొచ్చు, సిలోక్సేన్లు కనిపిస్తే చాలాసార్లు యంత్రంలోని గొట్టం పూతవి. వాటికి కూడా మొక్క ఔషధ గుణాలని రాసిన పేపర్లున్నాయి.

పసుపు సంగతి తీసుకుంటే, పసుపు పొడిలో దానికి ఆ రంగునిచ్చే కుర్కుమిన్ సగటున 3 శాతం దగ్గరే ఉంటుంది, అందులోనూ రక్తంలోకి చేరేది నామమాత్రం. మిరియాలలోని పైపెరిన్ కలిపితే 20 రెట్లు పెరుగుతుందన్న మాట 1998 నాటి ఒక ప్రయోగం నుంచి వచ్చింది, అది నిజమే, కానీ దాదాపు సున్నాకు 20 రెట్లు అని కూడా గుర్తుంచుకోవాలి. మరో చిక్కు, కుర్కుమిన్ స్వయంగా మెరుస్తుంది, కనిపించిన ప్రొటీన్‌కల్లా అంటుకుంటుంది, అందువల్ల ప్రయోగశాల పరీక్షల్లో పనిచేయకపోయినా పనిచేసినట్టు కనిపిస్తుంది.

కొన్ని పదార్థాలు మొక్కలో ఉండనే ఉండవు, మనం తయారు చేయాలి. చెక్కుచెదరని వెల్లుల్లి రెబ్బలో దాని ఘాటు వాసనకు కారణమైన అల్లిసిన్ ఉండదు. దాని ముడిపదార్థమైన అల్లియిన్ ఒక అరలో, దాన్ని మార్చే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి, నలిపితేనే రెండూ కలుస్తాయి, ఆ వాసన అప్పుడు పుడుతుంది. నలపకుండా నేరుగా వేడిలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక అల్లిసిన్ పెద్దగా రాదు. బ్రోకలీలో సల్ఫొరాఫేన్ అనే పదార్థానిదీ ఇదే తంతు, ముందు తరిగి కాసేపు ఉంచి ఆ తర్వాత వండితే ఎక్కువ మిగులుతుంది, వండేశాక చిటికెడు పచ్చి ఆవపొడి చల్లినా ఆవాలలోని ఎంజైమ్ ఆ పని చేసిపెడుతుంది. టమాటా దీనికి ఎదురు, ఉడికిస్తే సి విటమిన్ తగ్గుతుంది, ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ మాత్రం ఇంకా బాగా అందుతుంది. పచ్చిదే మంచిదా వండిందే మంచిదా అనే వాదన ఇలాంటి చోట్ల అర్థం లేకుండా పోతుంది.

మందులు వాడేవాళ్లకు ఈ కూర్పు సమాచారం నిజంగా అక్కరకొస్తుంది. కెనడాలో 1980ల చివర్లో డేవిడ్ బెయిలీ బృందం ఒక బీపీ మందుకూ ఆల్కహాల్‌కూ సంబంధం చూస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపింది. రక్తంలో మందు ఊహించిన దానికంటే ఎన్నో రెట్లు పెరిగిపోయింది, కారణం ఆల్కహాల్ కాదు, ఆ రసంలోని ఫ్యూరనోకూమరిన్లు పేగుల్లో మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపేశాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క దీనికి తలకిందులు, అదే ఎంజైమ్‌ను పెంచి గర్భనిరోధక మాత్రల దగ్గర్నుంచి అవయవ మార్పిడి మందుల దాకా పలచన చేసేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వేసుకునేవాళ్లు కె విటమిన్ ఎక్కువున్న ఆకుకూరలను ఉన్నట్టుండి పెంచినా, మానేసినా రక్తం గడ్డకట్టే లెక్క మారిపోతుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ఇది ఏ మొక్క అని. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రలు వాడిన వంద మందికి పైగా, దాదాపు అందరూ ఆడవాళ్లే, కిడ్నీలు పాడయ్యాయి, తర్వాత కొంతమందికి మూత్రనాళంలో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ మాత్రల్లో స్టెఫానియా అనే చైనా మూలిక ఉండాలి. చైనా వాడుకలో దాని పేరూ అరిస్టోలోకియా జాతిలోని ఇంకో మొక్క పేరూ దాదాపు ఒకటే, రెండింటి పేర్లలోనూ ఫాంగ్ జీ ఉంది. ఎండబెట్టి పొడి చేశాక కళ్లతో చూసి తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. పొడులను పరీక్షిస్తే చాలావాటిలో స్టెఫానియాలో ఉండాల్సిన టెట్రాండ్రిన్ లేదు, కిడ్నీలను తినేసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది.